ఆపరేషన్స్ రీసెర్చ్ యూనివర్సిటీ సబ్జెక్టుగా ఎలా మారింది

రెండో ప్రపంచ యుద్ధకాలపు అమెరికన్ సైనిక శిబిరం ఒకదానిలో, భోజనాల తర్వాత సైనికులు తమ పళ్లేలు తామే కడుక్కునేవారు. నాలుగు తొట్లు ఉండేవి. రెండు సబ్బునీళ్లతో తోమడానికి, రెండు మంచినీళ్లతో జాడించడానికి. వాటి ముందు ఎప్పుడూ పెద్ద వరస. దాన్ని గమనించిన ఒక పరిశోధకుడు లెక్క చూస్తే, జాడించడానికి పట్టే సమయానికి మూడు రెట్లు తోమడానికి పడుతోంది. మూడు తొట్లు తోమడానికి, ఒకటి జాడించడానికి మార్చమన్నాడు. కొత్త తొట్టి కొనలేదు, మనిషిని పెంచలేదు. వరస దాదాపు మాయమైపోయింది.

ఎందుకు మాయమైందో చూడాలి. జాడించడం ఒక నిమిషం, తోమడం మూడు నిమిషాలు అనుకుందాం. పాత అమరికలో మూడు నిమిషాలకు ఇద్దరే తోమడం ముగించగలరు. జాడించే తొట్లు అదే మూడు నిమిషాల్లో ఆరుగురికి సరిపోతాయి, అంటే చాలాభాగం ఖాళీగా పడి ఉంటాయి. కొత్త అమరికలో తోమేది ముగ్గురు, జాడించేది ముగ్గురు. సామర్థ్యం ఒకేసారి 50 శాతం పెరిగింది. వచ్చేవాళ్ల సంఖ్య మూడు నిమిషాలకు ఇద్దరికీ ముగ్గురికీ మధ్య ఉంటే, మొదటి అమరికలో వరస పెరుగుతూనే పోతుంది, రెండో దానిలో నిలవదు.

ఈ ఉదాహరణ ఫిలిప్ మోర్స్, జార్జ్ కింబాల్ రాసిన ‘మెథడ్స్ ఆఫ్ ఆపరేషన్స్ రీసెర్చ్’లో ఉంది. 1946లో రహస్య పత్రంగా తయారైన ఆ గ్రంథం 1951లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. తొట్ల సమస్య తీర్చడానికి ఉన్నత గణితం అక్కర్లేదు. నిలబడి చూడాలి, సమయం కొలవాలి, అడ్డంకి ఎక్కడుందో పట్టుకోవాలి. ఆపరేషన్స్ రీసెర్చ్ అంటే మొదట్లో ఇలాంటి పనే. అయినా ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఈ పనికి విభాగాలు, డాక్టరేట్లు, వందల పేజీల పాఠ్యపుస్తకాలు వచ్చేశాయి. వాటిలో ఎక్కువ పేజీలు నిండింది మాత్రం గణితంతోనే. ఈ శాస్త్రం చరిత్రలో అసలు ఆసక్తికరమైన విషయం ఆ మలుపే.

పేరు బ్రిటన్‌లో పుట్టింది. రాడార్‌ని అభివృద్ధి చేస్తున్న బాడ్సీ పరిశోధన కేంద్రంలో, 1938 ప్రాంతంలో, పరికరం పనిచేస్తోందా అన్న ప్రశ్న తీరాక ఇంకో ప్రశ్న మిగిలింది: రాడార్ ఇచ్చిన సమాచారం గందరగోళం లేకుండా యుద్ధ విమానాల దాకా చేరుతోందా? పరికరం మీద చేసే పరిశోధన నుంచి వేరుగా, దాని వాడకం మీద చేసే ఈ పరిశోధనకు ఎ.పి. రో ‘ఆపరేషనల్ రీసెర్చ్’ అన్న మాట వాడాడు. బ్రిటన్‌లో ఇప్పటికీ అదే పేరు. అమెరికా దాన్ని ‘ఆపరేషన్స్ రీసెర్చ్’ చేసింది. రెండింటికీ పొట్టిపేరు ఓఆర్.

1940లో భౌతికశాస్త్రవేత్త పాట్రిక్ బ్లాకెట్ విమాన విధ్వంసక దళానికి సలహాదారుగా వెళ్లి ఒక బృందాన్ని కూర్చాడు. అందులో ముగ్గురు శరీరధర్మ శాస్త్రవేత్తలు, ఇద్దరు గణిత భౌతికశాస్త్రవేత్తలు, ఇద్దరు గణితజ్ఞులు, ఒక ఖగోళ భౌతికశాస్త్రవేత్త, ఒక సైనికాధికారి, ఒక సర్వేయరు, ఒక సాధారణ భౌతికశాస్త్రవేత్త. జనం దాన్ని ‘బ్లాకెట్ సర్కస్’ అన్నారు. రాడార్ అంకెల్ని తుపాకుల గురిగా మార్చే పద్ధతిని వాళ్లు తుపాకుల దగ్గరే కూర్చుని సవరించారు. ఒక శత్రు విమానాన్ని కూల్చడానికి సగటున 20,000 గుళ్లు పట్టే స్థితి నుంచి 1941 వేసవికి 4,000 గుళ్ల స్థితికి వచ్చింది.

ఆ లెక్కల్లోనే ఒక చిక్కు ఎదురైంది. ప్రతి ఓఆర్ విద్యార్థీ తెలుసుకోవలసిన చిక్కు అది. తీరంలో ఉన్న తుపాకులు లోతట్టు తుపాకులకు పట్టే గుళ్లలో సగంతోనే విమానాలు కూలుస్తున్నట్టు రికార్డులు చూపించాయి. సముద్రం మీద రాడార్ బాగా పనిచేస్తుందేమో, విమానాలు తిన్నగా ఎగురుతాయేమో అని రకరకాల కారణాలు వెతికారు. చివరికి తేలింది వేరు. లోతట్టులో కూల్చామని చెప్పిన విమానాన్ని నేలమీద శకలాలతో సరిచూసేవారు. సముద్రంలో పడిందన్న దాన్ని సరిచూసే దారి లేదు. తేడా ఉన్నది గురిలో కాదు, నమోదులో.

జలాంతర్గాముల మీద విమానాలు వేసే డెప్త్ ఛార్జ్‌ల కథ ఇంతకన్నా ప్రసిద్ధం. అవి 100 అడుగుల లోతులో పేలేలా అమర్చి ఉండేవి. విమానాన్ని చూడగానే జలాంతర్గామి మునుగుతుంది, బాంబు పడేసరికి సుమారు ఆ లోతులో ఉంటుంది అన్నది తర్కం. భౌతికశాస్త్రవేత్త ఇ.జె. విలియమ్స్ ఆ తర్కంలో లోపం చూపించాడు. అంత లోతుకు దిగేంత వ్యవధి దొరికిన జలాంతర్గామి పక్కకు కూడా ఎటో జరిగిపోయి ఉంటుంది. అది సరిగ్గా ఎక్కడుందో విమానానికి తెలియదు. కాబట్టి దాన్ని కొట్టే అవకాశం ఎలాగూ తక్కువే. ఆలస్యంగా చూసి ఇంకా ఉపరితలం దగ్గరే ఉన్నదాన్నైతే కొట్టగలం, కానీ 100 అడుగుల్లో పేలే బాంబు దాన్ని ఏమీ చేయదు. పేలే లోతును దశలవారీగా 25 అడుగులకు తగ్గించారు. నాశనమైన జలాంతర్గాముల సంఖ్య కొన్ని రెట్లు పెరిగింది. ఇక్కడ చూడాల్సింది సగటు లోతు కాదు, మన చేతికి చిక్కగల లక్ష్యం ఏ లోతులో ఉంటుందన్నది.

మూడో ఉదాహరణ వాణిజ్య నౌకల మీద పెట్టిన తుపాకులది. అవి దాడి చేసిన విమానాల్లో 4 శాతాన్నే కూల్చాయి. దండగ, తీసేద్దాం అనిపిస్తుంది. కానీ తుపాకులు పెట్టింది విమానాలు కూల్చడానికి కాదు, ఓడ మునగకుండా ఉండడానికి. ఆ కొలతతో చూస్తే, కాల్పులు జరిపిన ఓడల్లో 10 శాతం మునిగాయి, జరపనివాటిలో 25 శాతం. కాల్పుల వల్ల పైలట్ల గురి చెడిపోతోంది. తుపాకులు ఉండిపోయాయి.

యుద్ధం ముగిశాక ఈ పని బ్రిటన్‌లో ఒక దారి పట్టింది, అమెరికాలో ఇంకో దారి. బ్రిటన్‌లో బొగ్గు, ఉక్కు లాంటి పరిశ్రమల్లోకి వెళ్లింది. 1948లో లండన్‌లో ఆపరేషనల్ రీసెర్చ్ క్లబ్ మొదలైంది, 1950లో ఈ రంగపు తొలి పత్రిక ‘ఆపరేషనల్ రీసెర్చ్ క్వార్టర్లీ’ వచ్చింది, 1953లో క్లబ్ సొసైటీ అయింది. విశ్వవిద్యాలయాలు మాత్రం చాలాకాలం దూరంగానే ఉన్నాయి. నేషనల్ కోల్ బోర్డులో పనిచేసిన పాట్రిక్ రివెట్ 1964లో లాంకస్టర్ విశ్వవిద్యాలయంలో బ్రిటన్ తొలి ఓఆర్ ప్రొఫెసర్ అయ్యేదాకా ఈ విషయానికి అక్కడ సొంత పీఠమే లేదు.

అమెరికాలో విశ్వవిద్యాలయాలే ముందుకొచ్చాయి. నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 1949లో ఓఆర్ కోసం ఒక కమిటీ వేసింది. 1952 మేలో న్యూయార్క్ రాష్ట్రంలోని హారిమన్‌లో ఆపరేషన్స్ రీసెర్చ్ సొసైటీ ఆఫ్ అమెరికా ఏర్పడింది. మోర్స్ తొలి అధ్యక్షుడు. అదే ఏడాది నవంబర్‌లో పత్రిక మొదలైంది. మరుసటి ఏడాది డిసెంబర్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ సైన్సెస్ వేరుగా పుట్టింది. ఒకే పనికి రెండు సంఘాలు ఎందుకన్న ప్రశ్న ఆనాడే వచ్చింది. అవి కలవడానికి 1995 దాకా పట్టింది.

క్లీవ్‌లాండ్‌లోని కేస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 1951 నుంచి వెస్ట్ చర్చ్‌మన్, రసెల్ ఎకాఫ్ ఓఆర్ బోధనను నిర్మించారు. ఇద్దరూ తత్వశాస్త్రంలో డాక్టరేట్లు తీసుకున్నవాళ్లు. ఇది చాలామంది గమనించని సంగతి. సమస్యను ఎవరు, ఎలా నిర్వచిస్తారన్న ప్రశ్న వాళ్లకు జీవితాంతం ముఖ్యంగా ఉండిపోవడానికి మూలం అక్కడే ఉంది. ఎంఐటీలో మోర్స్ దగ్గర 1955లో జాన్ లిటిల్ డాక్టరేట్ పొందాడు. ఓఆర్‌లో ఇదే మొట్టమొదటిదని తరచూ చెబుతారు. జలవిద్యుత్ జలాశయంలో నీటిని ఎప్పుడు వదలాలి, ఎప్పుడు నిల్వ ఉంచాలి అన్నది ఆయన అంశం. ఆ లెక్క వర్ల్‌విండ్ కంప్యూటర్ మీద నడిచింది.

సంఘం, పత్రిక, డిగ్రీ వచ్చినంత మాత్రాన ఏ విద్యకూ తరగతి గదిలో నిలబడే బలం రాదు. సెమిస్టర్ పొడుగునా చెప్పగలిగేది, పరీక్షలో అడగగలిగేది కావాలి. ‘వెళ్లి చూసి రండి’ అన్నదాన్ని సిలబస్‌లో పెట్టడం కష్టం. ఆ ఖాళీని నింపింది లీనియర్ ప్రోగ్రామింగ్, అంటే ఇచ్చిన పరిమితులు దాటకుండా ఖర్చు లాంటి ఒక లక్ష్యానికి ఉత్తమమైన జవాబు వెతికే గణితం.

దీని మూలాలు రెండు చోట్ల ఉన్నాయి. 1939లో లెనిన్‌గ్రాడ్‌లో లియొనిద్ కాంటొరోవిచ్, ప్లైవుడ్ ట్రస్టు అడిగిన ప్రశ్నతో మొదలుపెట్టి, యంత్రాల మధ్య పని పంచే గణితాన్ని చిన్న పుస్తకంగా ప్రచురించాడు. పశ్చిమ దేశాలకు అది చాలా ఏళ్లు తెలియలేదు. 1947లో అమెరికన్ వైమానిక దళంలో పనిచేస్తున్న జార్జ్ డాంట్జిగ్ దళం ప్రణాళికలు వేయడానికి స్వతంత్రంగా అదే రూపాన్ని చేరుకున్నాడు. దానితోపాటు పరిష్కరించే పద్ధతిని కూడా ఇచ్చాడు. అదే సింప్లెక్స్.

పద్ధతి లేకపోతే ఏమవుతుందో డాంట్జిగ్ చెప్పిన ఉదాహరణ ఇది: 70 మందికి 70 పనులు, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. సాధ్యమైన అమరికలు 1 పక్కన 100 సున్నాలు పెడితే వచ్చే సంఖ్యకు మించి ఉంటాయి. ఒక్కొక్కటీ చూసి మంచిది ఎంచుకోవడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు. సింప్లెక్స్ అన్నీ చూడదు. పరిమితులన్నీ కలిసి బహుముఖాకారంలో ఒక ప్రాంతాన్ని ఏర్పరుస్తాయి. లక్ష్యం సరళరేఖా రూపంలో ఉంటే, ఉత్తమ జవాబు ఉన్నప్పుడు అది ఆ ప్రాంతపు ఏదో ఒక మూలలో దొరుకుతుంది. ముందు ఒక మూలలో నిలబడాలి. అక్కడినుంచి బయలుదేరే అంచుల్లో ఏది లక్ష్యాన్ని మెరుగుపరుస్తుందో చూడాలి. ఆ అంచు వెంట, ఏదో ఒక పరిమితి అడ్డుపడేదాకా నడవాలి. ఎంత దూరం నడవాలన్నది నిష్పత్తుల పోలికతో తెలుస్తుంది. చేరిన కొత్త మూలలో మళ్లీ అదే పని. మెరుగుపరిచే అంచు లేకపోతే ఆగాలి.

తొలి పరీక్షల్లో ఒకటి ఆహార సమస్య. 77 పదార్థాల నుంచి 9 పోషకాల అవసరం తీరేలా కనిష్ట ఖర్చుతో ఏడాది ఆహారం ఎంచాలి. ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ ముందుగానే తెలివైన ఊహతో 1939 ధరల ప్రకారం 39.93 డాలర్ల జవాబు చెప్పాడు. 1947లో నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో జాక్ లాడర్‌మన్ బృందం సింప్లెక్స్‌తో, చేతితో తిప్పే లెక్కల యంత్రాల మీద చేస్తే 120 మనిషి-రోజులు పట్టింది. జవాబు 39.69 డాలర్లు. ఊహకు 24 సెంట్ల తేడా. ఇంత చిన్న తేడాకి ఇంత శ్రమా అనిపించవచ్చు. కానీ రెండో జవాబుకు ఒక హామీ ఉంది, ఇంతకన్నా చౌక లేదని. స్టిగ్లర్ దగ్గర ఆ హామీ లేదు. విశ్వవిద్యాలయాన్ని ఆకర్షించింది ఆ హామీయే, ఎందుకంటే అది సిద్ధాంతం, నిరూపణ ఉన్నది.

1952లో చార్న్స్, కూపర్, మెలన్ విమాన ఇంధనాల మిశ్రమానికి ఈ పద్ధతిని వాడి చూపించారు. ఆ తర్వాత చమురు శుద్ధి కర్మాగారాలు దీని పెద్ద వాడకందార్లయ్యాయి. డాంట్జిగ్, ఫుల్కర్సన్, జాన్సన్ 1954లో 49 నగరాలను అతి తక్కువ దూరంలో చుట్టివచ్చే ‘సేల్స్‌మన్ యాత్ర’ సమస్యను పరిష్కరించారు. 1960లో ఐల్సా లాండ్, అలిసన్ డోయిగ్ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ నుంచి, పూర్ణాంకాల్లోనే జవాబు కావాల్సిన సమస్యలకు సమస్యను కొమ్మలుగా చీల్చి, పనికిరాని కొమ్మల్ని నరికేసే పద్ధతి ఇచ్చారు. ఇలాంటి సమస్యలు తేల్చే నేటి వాణిజ్య సాఫ్ట్‌వేర్ల (సాల్వర్ల) అడుగున అదే ఉంది.

పాఠ్యపుస్తకాల్లో మిగిలిన అధ్యాయాలు పాత సరుకుతో నిండాయి. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో ఎర్లాంగ్ 1909లో మొదలుపెట్టిన క్యూ సిద్ధాంతం ఓఆర్ అన్న పేరుకన్నా ముప్పై ఏళ్లు పెద్దది. ఒకేసారి ఎంత సరుకు తెప్పించాలో చెప్పే ఫోర్డ్ హారిస్ సూత్రం 1913 నాటిది. ఈ రెండూ ఇంతకాలం ఎందుకు నిలిచాయో అంకెల్లో చూస్తేనే అర్థమవుతుంది.

ఏడాదికి 3,600 వస్తువులు కావాలి, ఒక్కో ఆర్డరుకు ఖర్చు 50, ఒక వస్తువును ఏడాది నిల్వ ఉంచడానికి 4 అనుకుందాం. ఏడాది అవసరాన్ని ఆర్డరు ఖర్చుతో, మళ్లీ రెండుతో గుణించి, నిల్వ ఖర్చుతో భాగిస్తే 90,000. దాని వర్గమూలం 300. ఒకేసారి 300 తెప్పించాలి. సూత్రంలోని అసలు గుణం ఆ తర్వాత కనిపిస్తుంది. పొరపాటున 300కు బదులు 450 తెప్పించినా, ఈ రెండు ఖర్చుల మొత్తం పెరిగేది 8.3 శాతమే. ఖర్చు గీత అడుగున దాదాపు చదునుగా ఉంటుంది. అందుకే ఆర్డరు ఖర్చును ఎవరూ కచ్చితంగా కొలవలేకపోయినా సూత్రం పనికొస్తుంది. అయితే గిరాకీ ఏడాది పొడుగునా ఒకేలా ఉండాలన్న షరతు తప్పితే ఈ క్షమాగుణం ఉండదు. సీజన్ సరుకుకు దీన్ని వాడి గోదాము నింపుకోవడం తరచూ జరిగే పొరపాటు.

క్యూ విషయంలో లెక్క దీనికి పూర్తిగా ఎదురు, క్షమించదు. రాకలూ సేవా సమయాలూ యాదృచ్ఛికంగా ఉండే అతి సరళమైన ఒంటి కౌంటర్ నమూనాలో, కౌంటర్ 80 శాతం సమయం పనిలో ఉంటే సగటున 4 మంది ఉంటారు. 90 శాతానికి 9 మంది. 95 శాతానికి 19 మంది. పని ఒత్తిడి చివరి 5 శాతం పెరిగేసరికి జనం రెట్టింపు దాటారు. ఖాళీ సమయాన్ని వృథాగా భావించి సిబ్బందిని తగ్గించే ఏ నిర్వాహకుడికైనా ముందు చూపించాల్సిన అంకెలివి. లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఇంకా సాధారణమైంది: వ్యవస్థలో సగటున ఉన్నవాళ్ల సంఖ్య, గంటకు వచ్చేవాళ్ల సంఖ్యను ఒక్కొక్కరు గడిపే సగటు గంటలతో గుణిస్తే వస్తుంది. గంటకు 12 మంది వచ్చి అరగంట ఉంటే, ఏ క్షణాన చూసినా సగటున ఆరుగురు. రాకలు ఏ పంపిణీలో ఉన్నా, వ్యవస్థ స్థిరంగా ఉన్నంతవరకు ఇది తప్పదు.

1957లో చర్చ్‌మన్, ఎకాఫ్, ఆర్నాఫ్ కలిసి తెచ్చిన ‘ఇంట్రడక్షన్ టు ఆపరేషన్స్ రీసెర్చ్’ విద్యార్థుల కోసం వచ్చిన తొలి సమగ్ర పాఠ్యపుస్తకం. సమస్యను ఎలా రూపొందించాలి, పరిష్కారాన్ని ఎలా పరీక్షించాలి, అమల్లో పెట్టాక ఎలా అదుపులో ఉంచాలి అన్నవాటికీ అందులో చోటు ఉంది. పదేళ్లకు స్టాన్‌ఫర్డ్ నుంచి హిల్లియర్, లీబర్‌మన్ రాసిన పుస్తకం వచ్చేసరికి బరువు పద్ధతుల వైపు ఒరిగింది. ఇప్పటికీ ప్రపంచమంతటా ఓఆర్ కోర్సుల వరస దాదాపు దానిదే: లీనియర్ ప్రోగ్రామింగ్, నెట్‌వర్క్‌లు, డైనమిక్ ప్రోగ్రామింగ్, క్యూలు, నిల్వలు. 1959లో ఫోర్డ్, కార్నెగీ ఫౌండేషన్ల నివేదికలు బిజినెస్ స్కూళ్లలో శాస్త్రీయత చాలదని విమర్శించడంతో, ఆ స్కూళ్లు కూడా ఈ గణితాన్నే తీసుకుని పాఠ్యప్రణాళిక మార్చుకున్నాయి. ఓఆర్‌కు సీట్లు, ఉద్యోగాలు, పరిశోధన నిధులు పెరిగాయి. ఒకచోట ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్‌లో, ఒకచోట గణితంలో, ఒకచోట మేనేజ్‌మెంట్‌లో ఇది స్థిరపడింది. సొంత ఇల్లు మాత్రం కొద్దిచోట్లే దొరికింది.

దీన్ని పతనం అనడం అన్యాయం. గణితం లేకపోతే ఈ విద్య యుద్ధ జ్ఞాపకంగా మిగిలిపోయేది. కానీ మూల్యం ఉంది, దాన్ని మొదట చెప్పింది బయటివాళ్లు కాదు. 1970లో లిటిల్, నమూనాలను నిర్వాహకులు దాదాపుగా వాడటమే లేదని రాసి, వాడాలంటే నమూనా సరళంగా, అర్థంలేని జవాబులు ఇవ్వకుండా, వాడేవాడి చేతిలో నడిచేలా ఉండాలన్నాడు. 1979లో ఎకాఫ్ ఇంకా కటువుగా మాట్లాడాడు. ఓఆర్ భవిష్యత్తు గతించిపోయింది అన్న అర్థం వచ్చే శీర్షికతోనే వ్యాసం ప్రచురించాడు. విద్యార్థులు సమస్యను చూసి పద్ధతి వెతకడం లేదు, చేతిలో ఉన్న పద్ధతికి తగిన సమస్యను వెతుకుతున్నారన్నది ఆయన అభియోగం. తొలి పాఠ్యపుస్తకం రాసినవాడే ఈ మాట అనడం వల్ల ఆ దెబ్బ గట్టిగా తగిలింది.

వృత్తి నియమాల గొడవ అంతకుముందే వచ్చింది. 1969లో క్షిపణి రక్షణ వ్యవస్థ మీద అమెరికా సెనేట్‌లో జరిగిన వాదంలో రెండు పక్షాల నిపుణులూ లెక్కలతోనే పోట్లాడారు. మొదటి దాడి తర్వాత ఎన్ని క్షిపణులు మిగులుతాయన్న దానిమీద అంకెలు పొంతన లేకుండా వచ్చాయి. ఆ విశ్లేషణల నాణ్యతను పరిశీలించమని ఆపరేషన్స్ రీసెర్చ్ సొసైటీ ఆఫ్ అమెరికాను కోరితే, అది 1971లో వృత్తి మార్గదర్శకాలతో సహా నివేదిక ప్రచురించింది. ఒక సంఘం తన రంగంలోని విశ్లేషణ ఎలా ఉండాలో తీర్పు చెప్పవచ్చా అన్నదాని మీద సభ్యులే చీలిపోయారు.

బ్రిటన్‌లో ఈ అసంతృప్తి వేరే ఫలం ఇచ్చింది. లాంకస్టర్‌లో పీటర్ చెక్లాండ్ లాంటివాళ్లు, లక్ష్యం మీదే ఏకాభిప్రాయం లేని చోట సమీకరణం రాయడానికి ముందు ఎవరి దృష్టిలో సమస్య ఏమిటో బొమ్మలుగా గీసి చర్చించే పద్ధతులు తయారుచేశారు. వీటికి ‘సాఫ్ట్ ఓఆర్’ అని పేరు. అమెరికన్ విభాగాలు వీటిని పెద్దగా పట్టించుకోలేదు. నిరూపణ లేని పనికి అక్కడ పదోన్నతి రాదు.

సిద్ధాంతం మాత్రం ఆగలేదు. 1972లో క్లీ, మింటీ సింప్లెక్స్‌ను తికమకపెట్టే ఒక ఆకారాన్ని నిర్మించారు. 50 చలరాశులున్న అలాంటి సమస్యలో పద్ధతి ప్రతి మూలా తిరగాల్సి వస్తుంది. ఆ మూలలు వెయ్యి లక్షల కోట్లకు పైగా. నిజజీవిత సమస్యల్లో అలా జరగదు, కానీ జరగదన్న హామీ లేదు. 1979లో ఖచియన్ హామీ ఉన్న పద్ధతి ఇచ్చాడు, ఆచరణలో అది నెమ్మది. 1984లో బెల్ ల్యాబ్స్‌లో నరేంద్ర కర్మార్కర్ అంచుల వెంట కాకుండా ఆకారం లోపలినుంచి నడిచే పద్ధతి చూపించాడు. ఆ పోటీలో సింప్లెక్స్ రాసేవాళ్లు కూడా తమ ప్రోగ్రాములను బాగా పదునుపెట్టారు. ఇప్పటి సాల్వర్లలో రెండూ పక్కపక్కన ఉంటాయి.

సాల్వర్ సమస్య ఇలా చాలావరకు తీరింది. ఇప్పుడు మాస్టర్స్ ప్రాజెక్టులు దెబ్బతినేది ఇతర చోట్ల. పరిమితులన్నీ కఠినంగా రాస్తే అసలు జవాబే లేదని సాల్వర్ చెబుతుంది. ఎందుకంటే రోజూ సిబ్బంది ఆ నియమాల్లో ఒకటో రెండో చూసీచూడనట్టు వదిలేస్తూ పని నడుపుతుంటారు, ఆ సంగతి ఏ పత్రంలోనూ ఉండదు. అలాంటి నియమాలను ఉల్లంఘిస్తే ఇంత జరిమానా అని లక్ష్యంలో కలపాలి. జరిమానా ఎంతో తెలియాలంటే ఆ సిబ్బందినే అడగాలి. ఇంకా ఎక్కువగా కనిపించే తప్పు గిరాకీ లెక్కది. విద్యార్థికి ఇచ్చేది అమ్మకాల పట్టిక, అతను దాన్ని గిరాకీ అనుకుని నమూనాలో పెడతాడు. సరుకు అయిపోయిన రోజున అమ్మకం సున్నా. నమూనా దాన్ని ఎవరికీ అక్కర్లేని రోజుగా చదివి, మరింత తక్కువ తెప్పించమంటుంది. అలా తెప్పిస్తే సరుకు మరిన్ని రోజులు అయిపోతుంది, పట్టికలో సున్నాలు మరిన్ని చేరతాయి. ఏ సున్నా గిరాకీ లేక వచ్చింది, ఏది సరుకు లేక వచ్చిందన్నది ఆ పట్టిక ఎంత తిరగేసినా తేలదు. నిల్వల రిజిస్టరు తెరిచి ఆ తేదీలను ఒక్కొక్కటిగా సరిచూడాలి.